లక్ష రూపాయల పలక: బొమ్మ గీయడానికి ఎంత శక్తి కావాలి?

పలక మీద బలపంతో గీస్తే, బలపం కదిలిన చోటే, కదిలిన క్షణంలోనే గీత పడుతుంది. మధ్యలో మరెవరి సాయమూ అక్కర్లేదు. అదే పని టాబ్లెట్ కంప్యూటర్ మీద చేస్తే, కలం ఎక్కడుందో ముందు తెర కనిపెట్టాలి. ఆ సమాచారం ప్రాసెసర్‌కు చేరాలి. గీత ఏ రంగులో, ఎంత మందంతో రావాలో సాఫ్ట్‌వేర్ లెక్క కట్టాలి. చివరికి తెర ఆ గీతను వెలిగించి చూపాలి. ఈ తతంగమంతా కంటికి తెలియనంత వేగంగా జరిగితేనే కాగితం మీద గీస్తున్నట్టు అనిపిస్తుంది. ఖరీదైన టాబ్లెట్ల ధరలో కొంత భాగం ఈ అనుభూతి కోసం చెల్లించేదే.

ఆ ధర చిన్నదేమీ కాదు. 2024 మే నెలలో వచ్చిన ఐప్యాడ్ ప్రో ధర భారత్‌లో 11 అంగుళాల నమూనాకు 99,900 రూపాయలతో, 13 అంగుళాల నమూనాకు 1,29,900 రూపాయలతో మొదలైంది. కలం కోసం 11,900, కీబోర్డు కోసం 33,900 కలుపుకుంటే పెద్ద నమూనా ఖర్చు 1,75,700 రూపాయలకు చేరుతుంది. అదే కంపెనీ 2025 మార్చిలో తెచ్చిన ఐప్యాడ్ ఎయిర్ ధర అప్పట్లో 59,900 నుంచి, సాధారణ ఐప్యాడ్ ధర 34,900 నుంచి మొదలయ్యాయి. ఆండ్రాయిడ్ వైపు చూస్తే శామ్‌సంగ్ గెలాక్సీ టాబ్ శ్రేణిలోని అల్ట్రా నమూనాలూ లక్ష దాటినవే.

అప్పుడప్పుడే పనులు దొరుకుతున్న చిత్రకారులకు, యానిమేటర్లకు, వీడియో ఎడిటర్లకు ఇది కొన్ని నెలల సంపాదన. చాలామంది వాయిదాల మీద కొంటారు. చవకగా కొన్నది చేతి వేగాన్ని అందుకోలేక మూలన పడితే ఆ డబ్బు దండగ. ఎక్కువ పెట్టి కొన్న శక్తిని ఏనాడూ వాడుకోకపోతే అదీ దండగే. కాబట్టి ‘ఏది గొప్పది’ అని కాకుండా ‘చేసే పని ఎక్కడ ఆగుతోంది’ అని అడగడం మేలు. దానికి జవాబు కావాలంటే పరికరం లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి.

చేతికీ గీతకూ మధ్య దూరం

కలం కదిలిన క్షణం నుంచి తెర మీద గీత కనిపించే దాకా పట్టే సమయాన్ని లేటెన్సీ అంటారు. జాప్యం అనుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2012లో చేసిన ఒక ప్రదర్శన దీని ప్రభావాన్ని కళ్ళకు కట్టింది. అప్పటి మామూలు టచ్ తెరల్లో జాప్యం 100 మిల్లీసెకన్ల దాకా ఉండేది. వారు ప్రయోగశాలలో దాన్ని 1 మిల్లీసెకను వరకు తగ్గించి చూపారు.

చెయ్యి సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో కదులుతోందనుకుందాం. 100 మిల్లీసెకన్లలో అది 2 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. గీత అంత వెనకబడి, కలానికి రబ్బరు దారం కట్టి లాగుతున్నట్టు వస్తుంది. 1 మిల్లీసెకను జాప్యం వద్ద ఆ దూరం 0.2 మిల్లీమీటర్లే. యాపిల్ తన పెన్సిల్ జాప్యాన్ని 20 మిల్లీసెకన్ల నుంచి 9కి తగ్గించినట్టు 2019లో ప్రకటించింది. ఇదే చేతి వేగానికి లెక్క కడితే 4 మిల్లీమీటర్ల ఎడం 1.8 మిల్లీమీటర్లయిందన్న మాట.

ఇందులో తెరకూ పాత్ర ఉంది. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది, అంటే 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. 120 హెర్ట్జ్ తెర 8.3 మిల్లీసెకన్లకే మారుస్తుంది. ఐప్యాడ్ ప్రో, గెలాక్సీ టాబ్ అల్ట్రా 120 హెర్ట్జ్ తెరలతో వస్తాయి. సాధారణ ఐప్యాడ్, ఐప్యాడ్ ఎయిర్‌లవి 60 హెర్ట్జ్ తెరలు.

మిగిలిన ఎడాన్ని సాఫ్ట్‌వేర్ ఊహతో పూడుస్తుంది. కలం వేగాన్నీ దిశనూ బట్టి అది తరువాత ఎటు వెళ్తుందో అంచనా వేసి, గీతను కాస్త ముందే గీసేస్తుంది. అసలు స్థానం తెలిశాక సరిచేసుకుంటుంది. సూటి గీతల్లో ఈ అంచనా బాగానే కుదురుతుంది. చటుక్కున తిరిగే వంపుల్లో తప్పే అవకాశం ఎక్కువ. తెలుగు లిపి నిండా వంపులే కాబట్టి అక్షరాలను చేత్తో అందంగా గీసేవారికి, వేగంగా సిరా గీతలు వేసేవారికి ఈ తేడా త్వరగా తెలియవచ్చు. నింపాదిగా రంగులు అద్దేవారికి, ఫొటోలు దిద్దేవారికి 60 హెర్ట్జ్ తెర పెద్ద ఆటంకం కాదు.

కలం సంగతి

బాపు బొమ్మల్లో గీత ఒకచోట సన్నగా మొదలై, నడుమ బలిసి, మళ్ళీ సన్నగా ముగుస్తుంది. కుంచె మీద చేతి ఒత్తిడి మారడమే అందుకు మూలం. టాబ్లెట్ మీద అలాంటి గీత రావాలంటే కలం ఆ ఒత్తిడిని గుర్తించాలి. ధరల పట్టిక చూసి కొనేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సాధారణ ఐప్యాడ్‌తో పనిచేసే యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడిని గుర్తించే శక్తి లేదు. అంతకన్నా పాతదైన మొదటి తరం పెన్సిల్‌కు ఉంది. నోట్సు రాసుకునేవారికి ఈ లోపం తెలియదు. బొమ్మలు వేసేవారికి మొదటి గీతలోనే తెలుస్తుంది.

కలాలు ప్రధానంగా రెండు రకాలు. జపాన్‌కు చెందిన వాకామ్ సంస్థ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో తెర వెనుక ఉండే తీగల వల విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కలంలోని తీగచుట్ట ఆ శక్తినే గ్రహించి తిరిగి సంకేతం పంపుతుంది. అందువల్ల గీయడానికి కలంలో బ్యాటరీ అక్కర్లేదు. శామ్‌సంగ్ ఎస్ పెన్ ఈ కోవలోదే. యాపిల్ పెన్సిల్ వంటివి రెండో రకం. వాటిలో బ్యాటరీ ఉంటుంది, సంకేతాన్ని కలమే సొంతంగా పంపుతుంది.

ప్రకటనల్లో 4,096 ఒత్తిడి స్థాయిలు, 8,192 స్థాయిలు అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మామూలు డిజిటల్ చిత్రంలో ఒక్కో రంగు గాఢతకు ఉండేవే 256 మెట్లు. కాబట్టి 4,096కూ 8,192కూ మధ్య తేడాను చెయ్యి పట్టుకోవడం కష్టం. అంతకన్నా ముఖ్యమైనది, గీత పడటానికి కలాన్ని కనీసం ఎంత నొక్కాలి అన్నది. తేలికపాటి స్పర్శకే స్పందించే కలంతో రోజంతా గీసినా వేళ్ళు త్వరగా అలసిపోవు. ఈ అంకె ప్రకటనల్లో సాధారణంగా కనిపించదు.

గాజుకూ దాని కింది తెరకూ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నదీ చూడాలి. ఖాళీ ఉంటే కలం కొన ఒకచోట, గీత మరోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. సాధారణ ఐప్యాడ్‌లో ఈ ఖాళీ ఉంది. ఎయిర్, ప్రో నమూనాల్లో గాజు, తెర ఒకటిగా అతికి ఉంటాయి.

పొరలు పెరిగే కొద్దీ

డిజిటల్ చిత్రకారులు బొమ్మను పొరలు పొరలుగా వేస్తారు. గీతలు ఒక పొర, రంగులు ఒక పొర, నీడలు మరో పొర. ప్రతి పొరా ర్యామ్‌లో చోటు ఆక్రమిస్తుంది. ఎంత చోటో లెక్క వేయడం కష్టం కాదు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించే ఏ3 బొమ్మలో 3,508 × 4,961, అంటే సుమారు 1.74 కోట్ల పిక్సెళ్ళు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక పొరకు దాదాపు 70 మెగాబైట్లు. 50 పొరలైతే 3.5 గిగాబైట్లు. బొమ్మ పొడవు వెడల్పులు రెండింతలు చేస్తే ఈ లెక్క నాలుగింతలవుతుంది.

యాప్‌లు ఖాళీ భాగాలను కుదించి కొంత చోటు మిగుల్చుకుంటాయి. అయినా పరిమితి తప్పదు. ప్రోక్రియేట్ వంటి యాప్‌లో కాన్వాస్ కొలతను, పరికరంలోని ర్యామ్‌ను బట్టి గరిష్ఠంగా ఎన్ని పొరలు వేయవచ్చో ముందే నిర్ణయమై ఉంటుంది. పుస్తకాల ముఖచిత్రాలు, పెద్ద పోస్టర్లు వేసేవారికి చిప్ వేగం కన్నా ర్యామే ముందుగా అడ్డు తగులుతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 2024 నాటి ఐప్యాడ్ ప్రోలో 256, 512 గిగాబైట్ల నమూనాలకు 8 గిగాబైట్ల ర్యామ్ ఇచ్చారు. 16 గిగాబైట్లు కావాలంటే 1 టెరాబైట్ నిల్వ ఉన్న నమూనా కొనాల్సిందే. నిల్వ అవసరం లేకపోయినా ర్యామ్ కోసం దాని ధర కట్టాలి.

వీడియో పని దారి వేరు. ప్రోరెస్ రూపంలో తీసిన 4కే వీడియో నిమిషానికి సుమారు 6 గిగాబైట్లు మింగుతుంది. ఆ లెక్కన 256 గిగాబైట్ల పరికరం మొత్తం ఖాళీగా ఉన్నా 40 నిమిషాల్లో నిండిపోతుంది. ఆ ఫైళ్ళను బయటికి పంపడమూ సమస్యే. సాధారణ ఐప్యాడ్‌లోని యూఎస్‌బీ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. 100 గిగాబైట్లు పంపడానికి ఎంత అనుకూలించినా 28 నిమిషాలు పడుతుంది. సెకనుకు 10 గిగాబిట్ల వేగమున్న ఎయిర్‌లో లెక్క ప్రకారం 80 సెకన్లు చాలు. రోజూ ఈ పని చేసేవారికి తీగ వేగమే అసలు వేగం.

చూసేదీ ముద్రించేదీ ఒకటి కాదు

ఖరీదైన టాబ్లెట్లలో తెరలు నిజంగానే బాగుంటాయి. ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. 2024 ఐప్యాడ్ ప్రోలో ఇలాంటి వెలుగు పొరలు రెండింటిని ఒకదాని మీద ఒకటి పేర్చారు. కావలసిన కాంతిని రెండూ పంచుకుంటాయి కాబట్టి ఒక్కో పొర మీద భారం తగ్గుతుంది, మన్నిక పెరుగుతుంది.

అయితే ఆ బొమ్మ చివరికి చేరేది ఎక్కడికి? పత్రికకు, పుస్తకానికి వెళ్ళే బొమ్మను నాలుగు సిరాలతో ముద్రిస్తారు. తెర మీద మెరిసే కొన్ని నీలాలు, ఆకుపచ్చలు ఆ సిరాలకు అందవు. కాగితం మీద అవి వెలిసినట్టు కనిపిస్తాయి. ఫోన్లలో చూసే బొమ్మలకైతే చూసేవారి తెరలు రకరకాలు. రంగుల దిద్దుబాటే వృత్తిగా ఉన్నవారికి మేలైన తెర పనిముట్టు. మిగిలినవారికి అది ఎక్కువగా కంటికి హాయి. హాయికీ విలువ ఉంది, కానీ దాన్ని అవసరంగా పొరబడకూడదు.

వేసవిలో వేగం

2024 ఐప్యాడ్ ప్రో 13 అంగుళాల నమూనా మందం 5.1 మిల్లీమీటర్లు. అందులో ఫ్యాన్ లేదు. చిప్ పుట్టించే వేడి లోహపు వెనుక భాగం గుండా గాలిలోకి పోవాలి. ఎం4 చిప్‌లో 2,800 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నా, ఆ వేడి ఎంత త్వరగా బయటికి పోతుందన్న దాని మీదే దాని నిలకడ ఆధారపడుతుంది.

చిప్ వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు వోల్టేజీ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అందుకే వేగంలో కొద్దిపాటి పెరుగుదలకు వేడి ఎక్కువగా పుడుతుంది. హద్దు దాటితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. తెర వెలుగు తగ్గుతుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది.

బొమ్మ గీయడం విడతలు విడతలుగా సాగే పని. గీతకూ గీతకూ మధ్య చిప్ ఊపిరి తీసుకుంటుంది. అరగంట పాటు ఆగకుండా సాగే వీడియో ఎగుమతి, త్రీడీ రెండరింగ్ అలా కాదు. మొదటి నిమిషాల వేగం చివరి దాకా నిలుస్తుందన్న హామీ లేదు. ఇలాంటి పనుల్లో ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ నిలకడగా ఉంటుంది. ఫ్యాన్ లేకపోవడం వల్ల లాభమూ ఉంది. గొంతు రికార్డు చేసేవారికి నిశ్శబ్దం దక్కుతుంది.

భారతదేశంలో దీనికి వాతావరణం తోడవుతుంది. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని తయారీదారు సూచన. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలే. ఏసీ లేని గదిలో, ఛార్జర్ తగిలించి, తెర వెలుగు పూర్తిగా పెంచి పనిచేసే పరికరం నుంచి చల్లని గదిలో చేసిన పరీక్షల అంకెలను ఆశించలేం. అత్యంత వేగమైన చిప్ కోసం కట్టిన అదనపు డబ్బు మే నెల మధ్యాహ్నం పూర్తి ఫలితం ఇవ్వకపోవచ్చు.

‘స్త్రీ’ అని రాసి చూడాలి

హార్డ్‌వేర్ ఎంత బలమైనదైనా చివరికి పనిచేసేది సాఫ్ట్‌వేర్. ఒకే పేరున్న ప్రోగ్రాం కంప్యూటర్‌లో ఒకలా, టాబ్లెట్‌లో కొన్ని సౌకర్యాలు తగ్గి ఒకలా ఉండవచ్చు. విండోస్‌తో నడిచే టాబ్లెట్లలో పూర్తి ప్రోగ్రాంలే నడుస్తాయి. ఐప్యాడ్, ఆండ్రాయిడ్‌లలో వాటి కోసం ప్రత్యేకంగా చేసిన యాప్‌లు వాడాలి. కొన్నింటిని ఒకసారి కొంటే చాలు, కొన్నింటికి నెలనెలా చందా కట్టాలి. క్రీటా వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లలో ఉచితంగా దొరుకుతుంది.

తెలుగువారికి మరో చిక్కు ఉంది. తెలుగు ప్రచురణ రంగంలో చాలాచోట్ల వాడుకలో ఉన్న అను ఫాంట్లు విండోస్ కంప్యూటర్ల కోసం తయారైనవి. అవి యూనికోడ్ పద్ధతిలో లేవు. వాటిలో కూర్చిన అక్షరాలు టాబ్లెట్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. యూనికోడ్ ఫాంట్లు వాడినా, గుణింతాలు వత్తులు సరిగా పేర్చడం ప్రతి యాప్‌కూ రాదు. కొనే ముందు కావలసిన యాప్‌లో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ అని రాసి చూస్తే విషయం తేలిపోతుంది. వత్తులు విడిపోతే, పోస్టర్ మీద బొమ్మ టాబ్లెట్‌లో వేసినా అక్షరాల కోసం మళ్ళీ కంప్యూటర్ దగ్గరికి రాక తప్పదు.

నెలకు ఎంత పడుతుంది?

ధరను మొత్తంగా చూడటం కన్నా వాడే కాలంతో భాగించి చూడటం మంచిది. కలంతో కలిపి 11 అంగుళాల ప్రోకు 1,11,800 రూపాయలు, ఎయిర్‌కు 71,800. ఐదేళ్ళు వాడితే నెలకు సుమారు 1,863, 1,197 రూపాయలు పడతాయి. తేడా 667 రూపాయలు. ఖరీదైన పరికరం నెలకు ఒకటి రెండు గంటల కూలి పనిని నిజంగా మిగిల్చితే ఆ తేడా వసూలైనట్టే. ఆ సమయం మిగలకపోతే అది సరదా ఖర్చు. వాయిదాలకు వడ్డీ ఉంటే దాన్నీ లెక్కలో కలపాలి.

ఐదేళ్ళు మన్నుతుందా అన్నది బ్యాటరీ మీద ఆధారపడుతుంది. ఐప్యాడ్ బ్యాటరీలు 1,000 పూర్తి ఛార్జింగ్‌ల తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా రూపొందినవని తయారీదారు చెబుతోంది. రోజుకొక పూర్తి ఛార్జింగ్ చొప్పున అది మూడేళ్ళ లోపే. వేడి ఈ అరుగుదలను ఇంకా వేగవంతం చేస్తుంది. పలుచని టాబ్లెట్లలో బ్యాటరీని జిగురుతో అతికిస్తారు కాబట్టి మార్చడం వీధి చివరి దుకాణంలో తేలిగ్గా అయ్యే పని కాదు.

పాత పరికరాన్ని పారేస్తే ఖర్చు అక్కడితో ముగియదు. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమే. భారత్‌లో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త ఈ-వ్యర్థాల నియమాలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి. ఉన్నదాన్ని ఎక్కువ కాలం వాడటం మాత్రం కొనేవారి చేతిలోనే ఉంది.

తక్కువ శక్తితో పెద్ద పని

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2011లో తూర్పు యార్క్‌షైర్‌లో వసంతం రాకను ఐప్యాడ్ మీద బొమ్మలుగా వేశారు. ఆ వరుసలోని 51 ఐప్యాడ్ చిత్రాలు, ఒక భారీ తైలవర్ణ చిత్రంతో పాటు 2012లో లండన్‌లోని రాయల్ అకాడమీలో ప్రదర్శితమయ్యాయి. 2010, 2011లలో వచ్చిన ఐప్యాడ్‌ల ర్యామ్ 256, 512 మెగాబైట్లు. ఒత్తిడిని గుర్తించే పెన్సిల్ వాటికి లేదు. నేటి చవక టాబ్లెట్ కూడా శక్తిలో వాటికన్నా ఎన్నో రెట్లు పైది. హాక్నీకి ఖాతాదారు గడువులు, వంద పొరల ఫైళ్ళు లేవన్నది నిజమే. అయినా చేతికీ కంటికీ ఉన్న సాధన పరికరంతో పాటు పెట్టెలో రాదని ఆ బొమ్మలు చెబుతాయి.

నేర్చుకునే దశలో ఉన్నవారికి ఇప్పటికే ఇంట్లో కంప్యూటర్ ఉంటే, కొన్ని వేల రూపాయల్లో దొరికే తెర లేని పెన్ టాబ్లెట్ చాలు. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉంచడం అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది, కానీ ఒత్తిడిని గుర్తించే కలం దొరుకుతుంది. ప్రయాణాల్లో గీయాలనుకునేవారికి కలంతో సహా వచ్చే మధ్యశ్రేణి టాబ్లెట్లు ఉన్నాయి. ఎక్కువ పొరలతో రోజంతా గీసేవారికి, వేగంగా సిరా గీతలు వేసేవారికి, పని జరిగిన చోటే వీడియో కూర్చి పంపేవారికి ఖరీదైన పరికరం దాని విలువను తిరిగి ఇస్తుంది.

దుకాణంలో ఐదు నిమిషాలు గడిపితే చాలా విషయాలు తేలతాయి. ఏటవాలు గీతను అతి నెమ్మదిగా గీయాలి. అది అలల్లా వణికితే కలం స్థానాన్ని గుర్తించడంలో లోపం ఉన్నట్టు. తరువాత సుడిలా వేగంగా తిప్పాలి. గీత ఎంత వెనకబడుతోందో కనిపిస్తుంది. కలాన్ని ఆనీ ఆనకుండా కదిపి గీత పడుతుందో లేదో చూడాలి. మామూలుగా వేసే కొలతలో కాన్వాస్ తెరిచి ఎన్ని పొరలు ఇస్తుందో చదవాలి. చివరిగా ‘స్త్రీ’ అని రాయాలి. ఈ ఐదింటిలో తన పనికి కావలసినవి నెగ్గిన టాబ్లెట్లలో అన్నిటికన్నా చవకైనది ఏదో, కొనేవారికి తగినది అదే.